ముందు నెక్ పట్టుకుని చూడండి

(నల్లగొండలో గిటార్ నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, అదీ సెలవు రోజున, ఇంతమంది వస్తారని నేననుకోలేదు. నకిరేకల్ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా వచ్చినవాళ్లు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. చాలా సంతోషం.

నేను ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో గిటార్ వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, గణేశ్ నవరాత్రులు, కాలేజీ ఫంక్షన్లు, చర్చి కార్యక్రమాలు, పిలిచిన చోటికల్లా వెళ్లాను. కొంతకాలంగా పిల్లలకు నేర్పుతున్నాను, చెడిపోయిన గిటార్లు బాగు చేస్తున్నాను. నేర్పడం కంటే బాగు చేయడంలోనే నాకు గిటార్ ఎక్కువ అర్థమైంది. అందుకే ఈ రోజు ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది మొదటి రోజే అడిగే మాట ఒకటుంది. "అన్నా, మెటల్ వాయించాలె. లీడ్ మస్తు ఫాస్ట్‌గ కొట్టాలె. ఏ గిటార్ కొనమంటవ్?" మెటల్ అంటే బరువైన రాక్ సంగీతం, లీడ్ అంటే పాటలో గిటార్ ఒక్కో స్వరంగా ముందుకొచ్చి పలికే భాగం. అడిగి వెంటనే ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తారు. నల్లటి గిటార్, బల్లెం మొనల్లాంటి కొమ్ములు, పుర్రె బొమ్మ. ఆ గిటార్‌ను నేనేమీ తప్పు పట్టను. పద్దెనిమిదేళ్లప్పుడు నా గోడ మీద కూడా అలాంటి పోస్టరే ఉండేది. కానీ ఆ ఫొటోలో నాకు కావాల్సినవి కనిపించవు. నెక్, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి మెడ, ఎంత మందం, దాని మీది పలక, ఫ్రెట్‌బోర్డు, ఎంత చదును, ఆ పలకలో అడ్డంగా దిగేసిన లోహపు మెట్ల, అంటే ఫ్రెట్ల, అంచులు చేతికి గుచ్చుకుంటాయా లేదా అన్నవి ఫొటోలో తెలియవు. వేగం వచ్చేదీ, ఆగిపోయేదీ వీటి దగ్గరే.

ముందు వేగం అంటే ఏమిటో లెక్కలో చూద్దాం. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 120 దెబ్బల మీద పెట్టి ఒక్కో దెబ్బకు నాలుగు స్వరాలు వాయిస్తే సెకనుకు 8 స్వరాలు. అదే 160 మీద అయితే సెకనుకు పది దాటుతాయి. 180కి పన్నెండు. అంటే ఒక్కో స్వరానికి మీ చేతిలో ఉన్న సమయం సెకనులో పన్నెండో వంతు. అంతలోనే వేలు తీగ మీద పడాలి, నొక్కాలి, లేవాలి, పక్క తీగకు పోవాలి. తీగ ఒక్క మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా ఆ వేలు ప్రతిసారీ ఆ మిల్లీమీటరు దూరం అదనంగా దిగి లేవాలి. నిమిషానికి ఏడు వందల సార్లు. రెండో నిమిషానికి మణికట్టు దగ్గర నొప్పి మొదలవుతుంది. "నాకు స్పీడ్ రాదన్నా" అని దిగాలుగా వచ్చిన పిల్లల్లో సగం మందికి నేను చేసిందల్లా తీగలు కిందికి దించి ఇవ్వడమే.

మన ఊళ్లో డప్పు కొట్టేవాళ్లను చూసే ఉంటారు. బోనాలకో, ఊరేగింపుకో బయల్దేరే ముందు గడ్డి మంట వేసి డప్పును కాచుకుంటారు. వేలితో తట్టి చూస్తారు, మళ్లీ కాస్తారు. తోలు బిగిసి ఖంగుమన్నాకే భుజాన వేసుకుంటారు. మెత్తబడ్డ డప్పు మీద ఎంత గొప్ప చేయి పడినా దరువు పలకదు. గిటార్‌కు సెటప్ అంటే ఆ కాచుకోవడం. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు కొనేటప్పుడు చూడాల్సిన నెక్ దగ్గరికి వద్దాం.

నెక్‌లో మూడు విషయాలుంటాయి. మందం, చదును, వెనకవైపు పూత.

మందం అందరికీ తెలిసిందే. ఐబనెజ్ వాళ్ల ఆర్‌జీ గిటార్లు 1987 నుంచి వస్తున్నాయి. వాటి నెక్‌కు విజార్డ్ అని పేరు. ఇప్పటి విజార్డ్ త్రీ నెక్ మొదటి ఫ్రెట్ దగ్గర 19 మిల్లీమీటర్లు, పన్నెండో ఫ్రెట్ దగ్గర 21. పాతకాలపు లావు నెక్‌లతో పోలిస్తే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా. చెప్పుకోవడానికి చిన్నదే, చేతిలోకి తీసుకుంటే మాత్రం స్కేలు పట్టుకున్నట్టు ఉంటుంది. బొటనవేలు వెనక ఆనించి మిగతా నాలుగు వేళ్లు చాపి వాయించేవాళ్లకు ఇది చాలా సుఖం. అయితే సన్న నెక్ అందరికీ పడదు. అరచేయి పెద్దదిగా ఉన్నవాళ్లకు పట్టు దొరక్క బొటనవేలి మొదట్లో తిమ్మిరి వస్తుంది. షాపులో రెండు నిమిషాలు వాయిస్తే ఇది తెలియదు. కనీసం పది నిమిషాలు, ఆపకుండా, ఒకే స్కేలును పైకీ కిందికీ వాయించండి. చేయి తీసేశాక బొటనవేలి కింద కండ గట్టిపడిందా అని రెండో చేత్తో నొక్కి చూసుకోండి. గట్టిపడితే ఆ నెక్ మీది కాదు, దాని మీద ఎంత గొప్ప పేరున్నా సరే.

చదును గురించి తక్కువమంది మాట్లాడతారు. గిటార్ ఫ్రెట్‌బోర్డు పైనుంచి చూస్తే బల్లలా కనిపిస్తుంది కానీ, అడ్డంగా చూస్తే కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బు ఎంత పెద్ద వృత్తంలోని ముక్కో, ఆ వృత్తం వ్యాసార్ధాన్ని అంగుళాల్లో చెప్తారు. పాత ఫెండర్ గిటార్లలో 7.25 అంగుళాలు, గిబ్సన్‌లో 12, ఆర్‌జీ లాంటివాటిలో దాదాపు 16. అంకె పెరిగేకొద్దీ చదును పెరుగుతుంది. ఇది తికమకగా అనిపిస్తే ఇలా ఊహించుకోండి. చేతి గాజు ముక్క ఒకటి, ఎడ్లబండి చక్రం అంచులోంచి అంతే పొడవున్న ముక్క ఒకటి తీసుకుంటే, గాజు ముక్క వంపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చక్రం ముక్క తిన్నగా ఉన్నట్టే ఉంటుంది. వృత్తం ఎంత పెద్దదైతే అందులోని చిన్న ముక్క అంత తిన్నగా ఉంటుంది.

దీని వల్ల ఏమవుతుంది? లీడ్ వాయించేటప్పుడు మనం తీగను పక్కకు నెట్టి స్వరం పెంచుతాం. బెండ్ అంటాం. సన్న తీగను పదిహేనో ఫ్రెట్ దగ్గర పైకి నెట్టారనుకోండి. బోర్డు ఉబ్బుగా ఉంటే ఆ తీగ గుట్ట ఎక్కినట్టు మధ్యలోకి ఎక్కుతుంది. అప్పుడు ముందున్న ఫ్రెట్లు తీగకు తగులుతాయి. స్వరం 'టిక్' మని చచ్చిపోతుంది. తగలకుండా ఉండాలంటే తీగల ఎత్తు పెంచాలి. ఎత్తు పెంచితే వేగం పోతుంది. బోర్డు చదునుగా ఉంటే తీగలు బాగా కిందికి దించుకున్నా, రెండు స్వరాల దూరం నెట్టినా పలుకుతుంది. కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి, వాయించడానికి మాత్రం కొంచెం ఉబ్బే సుఖం, వేళ్లు సహజంగా వంగుతాయి. అందుకే జాక్సన్ వాళ్లు నట్ దగ్గర, అంటే నెక్ తల వైపు తీగలు ఆనే పట్టీ దగ్గర, 12 అంగుళాల ఉబ్బుతో మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి 16 చేస్తారు. కింద కార్డులకు సుఖం, పైన లీడ్‌కు సుఖం. జాక్సన్ తక్కువ ధర గిటార్లలో కూడా ఈ పని చేసి ఇస్తున్నారు. నాకు ఆ కంపెనీ మీద గౌరవం కలిగింది ఈ ఒక్క విషయంలోనే.

ఇక పూత. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44 దాకా పోతుంది. ఫ్యాన్ కింద కూర్చున్నా అరచేయి తడిగానే ఉంటుంది. అద్దంలా మెరిసే వార్నిష్ ఉన్న నెక్ మీద ఆ తడి చేయి జారదు, పట్టేసుకుంటుంది. పైకి కిందికి పరుగెత్తాల్సిన చేయి ప్రతిసారీ ఆగి ఆగి కదులుతుంది. మెరుపు లేని మ్యాట్ పూత కానీ, నూనె పట్టించిన చెక్క కానీ ఉన్న నెక్ మన ఎండలకు మంచిది. ఇప్పటికే మెరిసే నెక్ ఉన్నవాళ్లు బాధపడకండి. అంట్లు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కొత్తది ఒకటి తీసుకోండి. తీగలు విప్పి, నెక్ వెనకవైపు మాత్రమే, పొడవు వెంబడి మెల్లగా రుద్దండి. ఒత్తొద్దు. పది నిమిషాల్లో మెరుపు పోయి మెత్తగా అవుతుంది. స్టీల్ పీచు మాత్రం వాడకండి. ఆ ఇనుప పొడి వెళ్లి, తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ల అయస్కాంతాలకు అంటుకుంటుంది, ఒకసారి అంటితే తీయడం మహా కష్టం. నా దగ్గరికి అలా వచ్చిన పికప్‌ను సూదిమొన మీద టేపు చుట్టి, ఒక్కో పోగు ఏరి శుభ్రం చేశాను. ఒక సాయంత్రం మొత్తం పోయింది.

ఫ్రెట్ల దగ్గరికి వద్దాం. 21, 22, 24 ఫ్రెట్ల గిటార్లు ఉన్నాయి. ఇరవై నాలుగు ఉంటే ప్రతి తీగ మీద రెండు పూర్తి స్థాయిలు దొరుకుతాయి. సన్న తీగ, అంటే E తీగ, ఏ ఫ్రెట్ నొక్కకుండా 330 హెర్ట్జ్ దగ్గర పలికితే, ఇరవై నాలుగో ఫ్రెట్ దగ్గర దానికి నాలుగు రెట్లు, 1,318 దగ్గర పలుకుతుంది.

ఈ ఇరవై నాలుగు అనే అంకె చూసి ఇదేదో పడమటి దేశాల కొత్త వింత అనుకోకండి. మన సరస్వతీ వీణకు కూడా ఇరవై నాలుగు మెట్లే. పదిహేడో శతాబ్దంలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో ఆ మెట్లను మైనంలో స్థిరంగా కుదిర్చారని చెప్తారు. ఆయన తెలుగు కవి కూడా. ఆ వీణకు ఆయన పేరే ఉంది, రఘునాథ మేళ వీణ అని. వీణ మెట్లు చాలా ఎత్తు. వేలి కొస తీగను తాకుతుంది కానీ కింద చెక్కను తాకదు. అందుకే తీగను పక్కకు లాగి గమకం పలికించడం అంత నున్నగా జరుగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో రాక్ గిటారిస్టులు రిచీ బ్లాక్‌మోర్, ఆ తర్వాత ఇంగ్వే మాల్మ్‌స్టీన్ ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటగా చెక్కించుకున్నారు. ఫలితం ఇదే, వేలు చెక్కకు రాసుకోదు, బెండ్ సులువు. వీణ మీద మన వాళ్లకు ఎప్పుడో దొరికిన సుఖం అది.

మీలో కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లు ఉంటే ఈ సుఖం వెంటనే పట్టేస్తారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద, నాలుగు జతల తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, ఎంత వేగంగా ఎంత శుభ్రంగా వాయించారో దయచేసి వినండి. ఆ చిన్న వాయిద్యాన్ని ఆయన తన చేతికి, తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నారు. వేగం గురించి నాకు తెలిసిన గొప్ప పాఠాల్లో అదొకటి.

అంతమాత్రాన కొత్తవాళ్లు గుంటలు చెక్కిన బోర్డు కొనొద్దు. గట్టిగా నొక్కే అలవాటు ఉంటే స్వరం పైకి జరిగిపోతుంది, కార్డులన్నీ అపస్వరం. జంబో ఫ్రెట్లు అని ఉంటాయి, మామూలువాటి కంటే వెడల్పు, ఎత్తు. అవి చాలు. ఇరవై నాలుగు ఫ్రెట్లకు ఒక ఖరీదు కూడా ఉంది. బోర్డు పొడవైనకొద్దీ నెక్ వైపు పికప్ వెనక్కు జరుగుతుంది, దాని గుండ్రటి తీయదనం కొంచెం తగ్గుతుంది. మెల్లటి పాటలు ఎక్కువ వాయించేవాళ్లు 22 ఫ్రెట్లతో ఉండిపోవడం నాకు తప్పనిపించదు.

ఫ్రెట్లు ఉంటే సరిపోదు, చేయి అక్కడికి చేరాలి. గిటార్ వెనక నెక్ బాడీకి కలిసే చోట చెక్క మందంగా, మూల తిరిగి ఉంటే ఇరవయ్యో ఫ్రెట్ దాటగానే అరచేయి దానికి కొట్టుకుంటుంది. ఆ మూలను గుండ్రంగా అరగదీశారా చూడండి.

ఇప్పుడు బ్రిడ్జి, అంటే తీగల రెండో కొస బాడీ మీద ఆనే లోహపు భాగం. ఇది చెప్పడానికే నేను ఎక్కువగా వచ్చాను.

పదిహేనేళ్ల క్రితం నేను రెండేళ్లు దాచుకున్న పైసలతో హైదరాబాద్ వెళ్లి ఒక గిటార్ కొన్నాను. దాని బ్రిడ్జి గాల్లో తేలే రకం, పైన తీగలను బిగించే తాళాలతో. దానికి తగిలించిన కడ్డీ నొక్కితే స్వరం కిందికి జారిపోతుంది, లాగితే పైకి లేస్తుంది. షాపులో వాయించినవాళ్లు దాన్ని అడుగు దాకా దించి పైకి తెచ్చారు, నేను అక్కడే మనసు పారేసుకున్నాను. "ఇది అసలు ట్యూనింగ్ పోదు బ్రదర్" అన్నారు. ఆ నెలలోనే మిర్యాలగూడలో గణేశ్ మండపం దగ్గర ప్రోగ్రాం. మూడో పాటలో, సరిగ్గా లీడ్ మొదలయ్యే చోట, సన్న తీగ తెగింది. తీగ తెగడం పెద్ద విషయం కాదు, మిగతా ఐదింటి మీద సర్దుకుంటాం. కానీ మిగతా ఐదు తీగలూ ఒక్కసారిగా శ్రుతి తప్పాయి. ఏ ఫ్రెట్ నొక్కినా అపస్వరమే. కీబోర్డు అన్న నా వైపు చూశాడు, నేను వాల్యూమ్ సున్నా చేసి పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. ముందు వరుసలో మా నాన్న కూర్చున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు అలా జరిగిందో ఆ తర్వాత నేర్చుకున్నాను. సన్నరకం తీగల సెట్, అంటే తొమ్మిది నంబరు సెట్, ఆరూ కలిసి బ్రిడ్జిని దాదాపు 38 కిలోల బలంతో ముందుకు లాగుతాయి. పది నంబరు సెట్ అయితే 46 కిలోలు. తేలే బ్రిడ్జిలో గిటార్ వీపు వైపు గదిలో స్ప్రింగులుంటాయి, అవి అంతే బలంతో వెనక్కు లాగుతాయి. తక్కెడ రెండు వైపులా సమానం. ఒక తీగ తెగితే ఒక పక్క బరువు తగ్గినట్టు. స్ప్రింగులు గెలుస్తాయి, బ్రిడ్జి వెనక్కు వాలుతుంది, మిగతా తీగలన్నీ బిగిసి స్వరం పైకి పోతుంది. లావు తీగను ఒక స్వరం కిందికి, డ్రాప్ డీ అనే శ్రుతికి, దించినా ఇదే గొడవ, ఒకటి మారిస్తే ఐదూ మారతాయి.

ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన 1970ల చివర్లో ఈ తాళాల బ్రిడ్జి తయారు చేశాడు. అసలైనది అద్భుతమైన వస్తువు, అందులో అనుమానం లేదు. గట్టి ఉక్కుతో చేసిన కత్తి అంచుల్లాంటి రెండు అంచుల మీద అది ఊగుతుంది, ఊగి సరిగ్గా అదే చోటికి తిరిగి వస్తుంది. తక్కువ ధర నకళ్లలో ఆ లోహం మెత్తన. ఏడాదిలో అంచు అరిగిపోతుంది. అరిగాక కడ్డీ ముట్టుకున్న ప్రతిసారీ ట్యూనింగ్ ఒక్కో చోట ఆగుతుంది. నా గిటార్‌కు జరిగింది అదే.

నేనేం చేశానంటే, మా వీధి వడ్రంగి దగ్గర టేకు ముక్క ఒకటి కోయించాను. వీపు వైపు మూత విప్పి, స్ప్రింగులు తగిలించే ఇనుప దిమ్మకు అటొకటి ఇటొకటి చెక్కలు బిగించాను. ఆ దిమ్మ కదలకుండా ఆగిపోయింది. కడ్డీ తీసి డ్రాయర్లో పడేశాను. ఆ గిటార్‌తో ఆ తర్వాత ఆరేళ్లు వాయించాను, ఒక్కసారి కూడా స్టేజీ మీద తల దించుకోలేదు. మీ దగ్గర అలాంటి గిటార్ ఉంటే ఆ చెక్కలు నేను పెట్టి ఇస్తాను.

కాబట్టి మొదటి గిటార్ అయితే కదలని బ్రిడ్జి ఉన్నదే తీసుకోండి. తీగలు మార్చడానికి పది నిమిషాలు చాలు. అరచేయి అంచు బ్రిడ్జి మీద ఆనించి తీగలను అదిమి వాయించే బరువైన రిథమ్‌కు కూడా కదలని బ్రిడ్జే నమ్మకం, ఎందుకంటే చేయి బరువుకు స్వరం మారదు.

పికప్‌ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవి తర్వాత మార్చుకోవచ్చు. నెక్ మార్చుకోవడం అంత తేలిక కాదు. కానీ ఒక్క విషయం తప్పనిసరి, బ్రిడ్జి దగ్గర హంబకర్, అంటే రెండు రాగి తీగ చుట్టల పికప్, ఉండాలి. ఒంటి చుట్ట పికప్ చుట్టుపక్కల కరెంటు తీగల మోతను కూడా పట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ 'హూఁ' శబ్దం ఆ కుటుంబానిదే. డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కావాలని గరగరలాడించే ఎఫెక్ట్, పెంచితే అది వందల రెట్లు పెరుగుతుంది. మండపాల దగ్గర జనరేటర్, సీరియల్ బల్బులు, డిమ్మర్ లైట్లు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గిబ్సన్‌లో పనిచేసిన సేత్ లవర్ 1955లో దీనికి మందు కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కన, ఒకదానికొకటి తిరగేసి పెడితే, బయటి మోత రెండింట్లో ఎదురెదురుగా పుట్టి రద్దయిపోతుంది, తీగ స్వరం మాత్రం కలిసి బలపడుతుంది. 1970ల చివర్లో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఫెండర్ తరహా బాడీలో గిబ్సన్ హంబకర్ బిగించుకున్నాడు. ఇవాళ మనం సూపర్‌స్ట్రాట్ అని పిలిచే గిటార్లన్నీ ఆ దారిలో వచ్చినవే.

తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లు చాలామంది మెటల్ వాళ్లు వాడతారు. శబ్దం బిగువుగా, శుభ్రంగా ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతుంది, వాయించాక తీసేయడం మరచిపోకండి. ఇంకో మాట. బరువైన శబ్దం కోసం అతి బలమైన పికప్ వెతకొద్దు. బరువు యాంప్లిఫయర్ ఇస్తుంది. పికప్ మరీ బలమైనదైతే వేగంగా వాయించిన స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దవుతాయి. మీరు కష్టపడి నేర్చుకున్న పన్నెండు స్వరాలు వినేవాడికి ఒక్కటిగా వినిపిస్తే ఏం లాభం?

తీగ పొడవు రెండు రకాలు బాగా ప్రచారంలో ఉన్నాయి. ఫెండర్ దారిలో 25.5 అంగుళాలు, గిబ్సన్ దారిలో 24.75. పొడవు ఎక్కువైతే అదే స్వరానికి తీగ బిగువు ఎక్కువ, కిందికి దించి వాయించినా వదులై కొట్టుకోదు. తక్కువైతే బెండ్ మెత్తన. ఏడు తీగల గిటార్ మొదట్లోనే వద్దు. బాడీ ఏ చెక్క అన్న చర్చ మీద మీరు సమయం పెట్టకండి, డిస్టార్షన్ వేశాక ఆ తేడా చెవికి అందేంత ఉండదని నా అనుభవం. బరువు మాత్రం చూడండి. నాలుగు కిలోలు దాటితే మూడు గంటల ప్రోగ్రాంలో భుజం చెప్తుంది.

చెక్క గురించి మన జిల్లాకు సంబంధించింది మాత్రం ఒకటుంది. ఫ్రెట్‌బోర్డుకు వాడే రోజ్‌వుడ్‌లో చాలాభాగం మన దేశానిదే, మన అడవుల్లో జిట్రేగి అంటాం. చెక్క ఏదైనా ఎండాకాలం పొడిగాలికి అడ్డంగా కుంచించుకుపోతుంది. ఫ్రెట్ లోహం కుంచించుకోదు. దాంతో ఫ్రెట్ కొసలు చెక్క అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. చలి ప్రాంతంలో, తేమ ఉన్న ఫ్యాక్టరీలో తయారై వచ్చిన గిటార్ మన ఏప్రిల్‌లో చేతిని రంపంలా గీస్తుంది. మొన్న ఒకమ్మాయి చూపుడువేలి మొదట్లో ఎర్రటి గీతలతో వచ్చింది. వాయించడం తప్పుగా నేర్చుకున్నానేమో అని భయపడింది. సన్న ఆకురాయితో ఆ కొసలు గుండ్రంగా రాసి ఇచ్చాను, అరగంట పని. కొనేటప్పుడు నెక్ రెండు అంచుల వెంబడి అరచేయి మెల్లగా జార్చి చూడండి. ఎండాకాలంలో కొనడమే మంచిది, అప్పుడు లోపం దాగదు. గిటార్‌ను ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలకండి.

సెటప్ సంగతి చెప్తానన్నాను. నెక్ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. తీగల లాగుడుకు నెక్ వంగకుండా అది ఆపుతుంది. మన దగ్గర ఎండాకాలానికీ వానాకాలానికీ నెక్ వంపు మారుతుంది, ఏడాదికి రెండుసార్లు దాన్ని సరిచూడాలి. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు, సన్న తీగకు ఒకటిన్నర మిల్లీమీటరు, లావు తీగకు రెండు మిల్లీమీటర్లు ఉంటే మంచి వేగం వస్తుంది. ముప్పై వేల గిటార్‌కు మంచి సెటప్ చేయిస్తే, సెటప్ లేని లక్ష రూపాయల గిటార్ కంటే వేగంగా నడుస్తుంది. చేతిలో ముప్పై వేలే ఉంటే అన్నీ గిటార్‌కే పెట్టకండి. చిన్న యాంప్లిఫయర్‌కు, సెటప్‌కు, రెండు సెట్ల తీగలకు మిగుల్చుకోండి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు మీ సొంత పిక్ తీసుకెళ్లండి. షాపువాళ్లు యాంప్లిఫయర్‌లో గుచ్చుతామంటే ముందు వద్దనండి. పచ్చిగా, కరెంటు లేకుండా, ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి వినండి. ఆరు ఇరవైనాలుగులు నూట నలభై నాలుగు స్వరాలు, ఐదు నిమిషాల పని. ఎక్కడైనా బజ్‌మని చచ్చిపోతే గుర్తు పెట్టుకోండి. తర్వాత సన్న తీగను పన్నెండు, పదిహేను, ఇరవై ఒకటి దగ్గర పూర్తి స్వరం నెట్టి చూడండి. వెనక ఇంకో కస్టమర్ ఎదురుచూస్తున్నా తొందరపడకండి. పైసలు మీవి, కష్టం మీ అమ్మానాన్నలది.

ప్రశ్నలుంటే అడగండి. అదిగో, వెనక వరుసలో చెల్లెమ్మ చేయెత్తింది. చెప్పమ్మా.

చేతులు చిన్నవా? అందరూ వద్దంటున్నారా? ఎవరన్నారమ్మా అలా. సన్న నెక్ నీలాంటి చేతికి ఇంకా బాగా సరిపోతుంది. చిటికెన వేలు అందట్లేదంటే బొటనవేలు నెక్ పైకి ఎక్కి ఉంటుంది, దాన్ని వీపు మధ్యలోకి దించితే ఇంకో ఫ్రెట్ దూరం వేలు అందుతుంది. చెప్తే నమ్మకం కుదరదు. నేను రెండు గిటార్లు తెచ్చాను, ఒకటి పాత లావు నెక్, ఒకటి సన్నది. ముందుకు రామ్మా. కూర్చో. ముందు లావుది పట్టుకో. ఐదో ఫ్రెట్ మీద చూపుడువేలు, తొమ్మిదో ఫ్రెట్ మీద చిటికెన వేలు పెట్టు. అందట్లేదు కదా, పర్వాలేదు, బలవంతం చేయకు. ఇప్పుడు ఇది తీసుకో. బొటనవేలు కిందికి. ఇంకొంచెం కిందికి. ఆఁ, ఇప్పుడు చాపు.

చూశారా, అందింది. వాయించమ్మా, మేం వింటాం.